టీబీ మందులు మొదలెట్టబోయి ఆగాను – మెడలో బిళ్ళతో నా రెండు నెలల అనుభవం

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. నాకు 31. మా ఆయనది కొబ్బరి వ్యాపారం, నేను ఇంట్లోనే మిషన్ కుడతాను, పాపకి నాలుగేళ్లు. మెడలో బిళ్ళ వచ్చినప్పుడు రాత్రుళ్లు ఫోన్‌లో వెతికితే అన్నీ భయపెట్టేవే దొరికాయి గానీ సూది పరీక్ష అంటే ఎవరు గుచ్చుతారు, ముక్క తీశాక ఆ సీసా ఎవరు పట్టుకెళ్లాలి, రిపోర్ట్ లేటయితే ఎవర్ని అడగాలి, ఇవి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకని గుర్తున్నంత వరకు తేదీలతో సహా రాసేస్తున్నా.

జనవరి 15, కనుమ. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరుతూ జడ వేసుకుంటుంటే ఎడమ చెవి కింద, కొంచెం వెనక్కి, చింతగింజంత ఏదో తగిలింది. నొక్కితే నొప్పి. తలగడ సరిగ్గా లేక పట్టేసిందేమో అనుకుని వదిలేశాను. తీర్థంలో ఆ జనంలో పాపని ఎత్తుకుని తల తిప్పినప్పుడల్లా కలుక్కుమంటానే ఉంది. నాలుగు రోజులు పోయాక సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడ్డం మొదలైంది. పొద్దున్న మామూలే, దీపాలు పెట్టే వేళకి జ్వరం. మా ఊరి ఆర్‌ఎంపీ గారు రక్తం తీయించి వైడల్ పాజిటివ్ వచ్చింది, టైఫాయిడ్ అన్నారు. ఐదు రోజులు ఇంజెక్షన్లు, మాత్రలు, మొత్తం 1,800 అయ్యింది. ఆయన్ని తిట్టడానికి రాయట్లేదు, అర్ధరాత్రి పిలిస్తే సైకిలేసుకుని వచ్చే మనిషి. కానీ జ్వరం తగ్గలేదు, బిళ్ళ మాత్రం పెరిగింది, పక్కన ఇంకో రెండు తోడయ్యాయి. ఆ బ్లడ్ రిపోర్ట్ మా అత్తగారు గోడ క్యాలెండర్ వెనకాల దోపారు, ఈ కాయితం సంగతి మళ్లీ వస్తుంది గుర్తుపెట్టుకోండి.

నెలాఖరుకి పెద్ద బిళ్ళ ఉసిరికాయంత అయ్యింది. రాత్రి చెమటకి నైటీ తడిసిపోయేది, లేచి మార్చుకునేదాన్ని. నాలుగు కిలోలు తగ్గాను. ఫిబ్రవరి 3, సోమవారం అమలాపురం వెళ్లి చెవి ముక్కు గొంతు డాక్టరు గారికి చూపించాం. మెడంతా తడిమి, గొంతులో లైటేసి చూసి, ఛాతీ ఎక్స్‌రే, మెడకి స్కానింగ్ రాశారు. ఎక్స్‌రే బాగుంది. స్కానింగ్‌లో ఒకటి కాదు, వరసగా గొలుసులా చాలా ఉన్నాయని తేలింది. ఫీజు, స్కానింగ్ అన్నీ కలిపి 1,400. ఎఫ్ఎన్ఏసీ (సన్నటి సూదితో బిళ్ళలోంచి కణాలు తీసి చూసే పరీక్ష) చేయించుకు రండి అని చీటీ ఇచ్చారు.

ఎఫ్ఎన్ఏసీ అంటే ఏదో రక్త పరీక్ష అనుకుని 5న పరగడుపున వెళ్లాను, మంచినీళ్లు కూడా తాగలేదు. అక్కడ రెండు గంటలు కూర్చున్నాక కళ్లు తిరిగి పడబోయాను. అప్పుడు ల్యాబ్‌లో అమ్మాయి చెప్పింది, దీనికి పరగడుపు అక్కర్లేదండీ తినేసి రావచ్చు అని. ముందే ఒక్క ముక్క చెప్తే ఏం పోయింది, బయటికెళ్లి ఇడ్లీ తిని వచ్చాను.

ల్యాబ్ అంటే రక్తం తీసే కుర్రాడు ఉంటాడు కదా, వాడే గుచ్చుతాడు అనుకున్నా. లోపల ఉన్నది యాభై దాటిన డాక్టరమ్మ గారు, ఎండీ పాథాలజీ అని బోర్డు. రిపోర్టుల కింద సంతకాలు ఉంటాయి చూడండి, ఆ సంతకం మనిషిని చూడ్డం నాకు అదే మొదటిసారి. సూది ముట్టుకోకుండా ముందు పది నిమిషాలు ప్రశ్నలే. బిళ్ళ ముందు వచ్చిందా జ్వరం ముందా, నొప్పి మొదట్నుంచీ ఉందా, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా, పళ్లు పుచ్చాయా, ఇంట్లో పిల్లి ఉందా. పిల్లి ఎందుకండీ అంటే, పిల్లి గీరినా బిళ్ళలు కడతాయమ్మా అని నా చేతులు రెండూ అటూ ఇటూ తిప్పి చూశారు. అప్పటిదాకా నన్ను చూసిన ఇద్దరూ కలిపి కూడా ఇన్ని అడగలేదు.

సూది మామూలు ఇంజెక్షన్ సూది కన్నా సన్నంగా ఉంది. మత్తు ఇవ్వరా అంటే, మత్తు ఇంజెక్షనే దీనికన్నా ఎక్కువ నొప్పి అన్నారు. రెండు వేళ్లతో బిళ్ళని కదలకుండా పట్టుకుని, మాట్లాడకు, గుటక వేయకు అని గుచ్చి, లోపలే సూదిని ముందుకీ వెనక్కీ ఓ పది సెకన్లు ఆడించారు. నొప్పి కన్నా ఆ ఆడించడమే ఎలాగో ఉంటుంది. సూదిలో వచ్చింది చుక్క కూడా కాదు. దాన్ని గాజు పలక మీద వదిలి ఇంకో పలకతో దోసెపిండి రాసినట్టు ఒక్క గీటు గీశారు. ఒక పలకని గాలికి ఆరబెట్టి, ఒకదాన్ని వెంటనే స్పిరిట్ లాంటి దాంట్లో ముంచారు. పక్క గదిలోకి వెళ్లి మైక్రోస్కోప్‌లో చూసి వచ్చి, అంతా చచ్చిన కణాలే వచ్చాయమ్మా, అంచు నుంచి ఇంకోసారి తీస్తాను అన్నారు. మళ్లీ గుచ్చారు. ఫీజు 1,200. రక్తం రాలేదు, చిన్న దూది పెట్టుకుని ఇంటికొచ్చేశా, ఆ రోజే మిషన్ కూడా కుట్టాను.

7వ తేదీ శుక్రవారం రిపోర్ట్. అంతర్వేది తీర్థం రోజులు కదా, బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు, బండి మీదే వెళ్లాం. కాయితం మీద నెక్రోటైజింగ్ లింఫడెనైటిస్ అని ఉంది, అంటే బిళ్ళ వాచి లోపలి కణాలు చచ్చిపోతున్నాయని, టీబీ పురుగు రంగు వేసి చూస్తే కనపడలేదని ఉంది, అన్నిటికన్నా కింద, టీబీతో పాటు వేరే కారణాలూ ఉండొచ్చు, బిళ్ళ తీసి బయాప్సీ చేసి నిర్ధారించుకోవాలి అని ఒక లైను. డాక్టరు గారు పై లైను చదివి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, మెడ బిళ్ళ, ఇది టీబీయేనమ్మా, ఆరు నెలలు మందులు వాడితే పోతుంది, సోమవారం పీహెచ్‌సీకి వెళ్లి మొదలెట్టేయండి, మందులు ఫ్రీ, నెలకి వెయ్యి రూపాయలు అకౌంట్‌లో కూడా పడతాయి అని రాసిచ్చారు. నిజం చెప్పొద్దూ, నాకు హమ్మయ్య అనిపించింది. పేరు తెలిసింది కదా. మందు ఉంది కదా.

ఆ హమ్మయ్య ఇంటికొచ్చే వరకే. ఎవరు చెప్పారో ఏమో, సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. బ్లౌజులు ఇచ్చినవాళ్లలో ఇద్దరు, కుట్టకపోయినా పర్లేదులే అని తీసుకుపోయారు. మా అత్తగారు నోటితో ఒక్క మాట అనలేదు గానీ రాత్రి అన్నాల దగ్గర నా కంచం, గ్లాసు వేరే మూలన కనపడ్డాయి. మెడ బిళ్ళల టీబీ పక్కవాళ్లకి అంటదని డాక్టరు గారు చెప్పే పంపించారు, అయినా ఆవిడ భయం ఆవిడది, మనవరాలు ఉంది కదా ఇంట్లో. నేనే పాపని అత్తగారి పక్కన పడుకోబెట్టేశాను. అది రాత్రంతా అమ్మా అని ఏడుస్తుంటే నేను ఇటు గదిలో తలుపేసుకుని ఏడ్చాను.

మర్నాడు శనివారం ఆ రిపోర్ట్ మళ్లీ చదువుతుంటే కింద లైను దగ్గర ఆగాను. బయాప్సీ చేయించమని రాశారు కదా, మరి ఆ మాటే ఎవరూ ఎత్తలేదేంటి? ల్యాబ్ నంబరుకి ఫోన్ చేశాను. మా ఆయన, వాళ్లు నీతో మాట్లాడతారేంటి, ల్యాబ్ వాళ్లు డాక్టర్లతోనే మాట్లాడతారు అన్నాడు. అమ్మాయి ఎత్తి ఒక్క నిమిషం అంది, పాటలు వచ్చాయి, తర్వాత ఆ డాక్టరమ్మ గారే వచ్చారు. గొంతు వినగానే గుర్తుపట్టారు, పిల్లి అమ్మాయివి కదా అని. టీబీ కాదని నేను అనట్లేదమ్మా, అవ్వచ్చు, కానీ నేను చూసింది సూదిమొనకి వచ్చినంతే, కొబ్బరికాయ కన్ను పొడిచి ఓ చుక్క నీళ్లు రుచి చూశాను, లోపల కొబ్బరి ఎలా ఉందో కాయ కొడితే గానీ తెలీదు అన్నారు. కొబ్బరి వర్తకుడి పెళ్లానికి ఇంతకన్నా ఎలా చెప్తారండి. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట చెప్పారు, ఇది మాత్రం అందరూ రాసిపెట్టుకోండి. బిళ్ళ తీసినప్పుడు సగం ఫార్మాలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే మందు నీళ్లు), సగం ఉత్త సెలైన్‌లో పెట్టించు, అంతా ఫార్మాలిన్‌లో వేసేస్తే పురుగు చచ్చిపోతుంది, టీబీ కల్చర్‌కి, అంటే పురుగుని పెంచి చూసే పరీక్షకి, ఇక పనికిరాదు అని.

సోమవారం పీహెచ్‌సీకి బదులు మళ్లీ డాక్టరు గారి దగ్గరికే వెళ్లాం. ఆయనకి కొంచెం చిరాకేసింది, దాచడం దేనికి. తర్వాత తనే, సరే, ఓ వారం ఆగితే కొంపలేం మునగవు, చేయించుకోండి అని కాకినాడ సర్జన్ గారికి చీటీ రాసిచ్చారు.

ఫిబ్రవరి 17, సోమవారం. తెల్లారి ఐదింటికే బయల్దేరి ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ చేరేసరికి ఏడున్నర. ఆపరేషన్ మత్తు మెడ వరకే. మొహం మీద గుడ్డ కప్పారు, మాటలన్నీ వినబడతానే ఉన్నాయి. మాఘమాసం పెళ్లిళ్ల గురించి, ఎవరింట్లో ఎన్ని స్వీట్లు వేశారో నర్సులు చెప్పుకుంటున్నారు, నాకేమో అదే పట్టుకుని వేలాడాలనిపించింది. సర్జన్ గారు ముందే చెప్పారు, అక్కడ భుజం ఎత్తే నరం ఉంటుంది, దానికి తగలకుండా తీయాలి అని. అయిపోయాక చెయ్యి పైకెత్తమన్నారు, ఎత్తాను, అందరూ ఊపిరి తీసుకున్నట్టే అనిపించింది. నాలుగు కుట్లు. మొత్తం 16,000.

అసలు కథ సీసాలది. రెండు సీసాల సంగతి సర్జన్ గారికి చెప్పాం, ఆయన సరే అన్నారు, కానీ థియేటర్ లోపల వాళ్లకి ఆ మాట చేరాలి కదా. మా ఆయన తలుపు దగ్గరే నిలబడి నర్సమ్మ బయటికొచ్చినప్పుడల్లా, సెలైన్‌లో సగం అండీ, సెలైన్‌లో సగం అండీ అని అడుగుతానే ఉన్నాడంట. విసుక్కుంటూనే ఇచ్చారు. సెలైన్ సీసా పట్టుకుని ఆటోలో పెద్దాసుపత్రికి పరిగెత్తి సీబీనాట్ టెస్టుకి (టీబీ పురుగు జన్యువుని వెతికే మిషన్ పరీక్ష) ఇచ్చాడు, ఆధార్ జిరాక్స్ అడిగారంట, డబ్బులు తీసుకోలేదు. అందులోదే కొంచెం కల్చర్‌కి బయట ఇచ్చాం, 1,800. రెండో సీసా, ఫార్మాలిన్‌ది, మా ల్యాబ్‌కే పంపుతాం అని ఆసుపత్రి వాళ్లు. కాదండీ, సూది పరీక్ష చూసిన డాక్టరమ్మ గారికే ఇస్తాం, ఆవిడ దగ్గర పాత పలకలు ఉన్నాయి, రెండూ కలిపి చూస్తారు అని మేం. అరగంట వాదన అయ్యాక కాయితం మీద సంతకం పెట్టించుకుని సీసా చేతిలో పెట్టారు. అప్పుడు చూశాం, లేబుల్ మీద నా వయసు 51 అని ఉంది! ఏ వైపు, మెడా చంకా, ఏమీ లేదు. ఆ వార్డులో నా పేరుతోనే ఇంకో ఆవిడ ఉందట, వయసు 51. మా ఆయన వెనక్కి వెళ్లి కొట్టేయించి తిరిగి రాయించి సంతకం పెట్టించుకునే వరకు కదల్లేదు. మామూలుగా కొబ్బరి లెక్కల్లో తప్ప దేంట్లోనూ అంత పట్టుదల ఉండదు ఆయనకి.

తిరుగు బస్సులో ఆ సీసా రెండు కవర్లలో చుట్టి స్టీలు క్యారేజీలో పెట్టాం. అయినా ఫార్మాలిన్ ఘాటు, ముందు సీటాయన ఏంటండీ ఆ వాసన అని రెండుసార్లు వెనక్కి తిరిగాడు. మందండీ అన్నాను.

మర్నాడు మా ఆయన అమలాపురంలో ఇచ్చేటప్పుడు డాక్టరమ్మ గారు సీసా చూసి తల పట్టుకున్నారంట. సీసా మూతి సన్నం. తీసినప్పుడు ముక్క మెత్తగా ఉంటుంది కాబట్టి నొక్కితే లోపలికి పోయింది, ఫార్మాలిన్‌లో ఒక రాత్రి ఉంటే గట్టిపడిపోతుంది, ఇక బయటికి రాదు. ప్లాస్టిక్ సీసాని బ్లేడుతో కోసి తీయాల్సొచ్చింది. ముక్కకి పది రెట్లు ఫార్మాలిన్ ఉండాలంట, మాకిచ్చింది ముక్క మునిగీ మునగనంత. ఇంక ఫారంలో క్లినికల్ హిస్టరీ అన్న గడి ఖాళీ. ఆవిడకి నేను తెలుసు కాబట్టి సరిపోయింది, వేరే ల్యాబ్‌కి వెళ్లుంటే ఎవరిదో ఏమిటో తెలీకుండా ఒట్టి మాంసం ముక్క చూసి చెప్పాలి.

రిపోర్ట్ ఎన్నాళ్లు అంటే ఐదారు రోజులు అన్నారు. రక్త పరీక్ష సాయంత్రానికి వచ్చేస్తుంది, దీనికెందుకింత అని మా ఆయన అడిగితే అక్కడి టెక్నీషియన్ కుర్రాడు లోపలికి తీసుకెళ్లి చూపించాడంట. ముక్కలో నీరంతా తీసేసి మైనం ఎక్కించాలి, దానికే ఒక రాత్రి. తర్వాత మైనం దిమ్మలో పోసి, మిషన్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందాన పొరలు తీసి, గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, గాజు పలకతో ఎత్తుకోవాలి. మన ఆత్రేయపురం పూతరేకు దీని ముందు దుప్పటండీ అన్నాడట. ఇంటికొచ్చి అదే పదిసార్లు చెప్పాడు మా ఆయన.

సీబీనాట్ 18నే వచ్చేసింది, టీబీ లేదు అని. మా అత్తగారు గ్లాసు విషయంలో ఇంకా ఒప్పుకోలేదు.

20వ తేదీ గురువారం మధ్యాహ్నం ల్యాబ్ నుంచి ఫోన్. డాక్టరమ్మ గారే. వాళ్లంతట వాళ్లు ఫోన్ చేస్తే ఎలా ఉంటుందో తెలుసు కదా, కాళ్లలో బలం పోయింది. ఆవిడేమో మళ్లీ ప్రశ్నలు. కీళ్ల నొప్పులున్నాయా, ఎండలోకి వెళ్తే బుగ్గల మీద ఎర్రగా దద్దుర్లు వస్తాయా, జుట్టు ఊడుతోందా, నోట్లో పుళ్లు ఉన్నాయా, మొదట్లో చేయించిన రక్త పరీక్ష ఏమైనా ఉందా. అప్పుడు క్యాలెండర్ వెనక కాయితం గుర్తొచ్చింది. తీసి ఫోటో పంపాను. తెల్ల కణాలు 3,100 అని ఉంది, ఉండాల్సిన దానికన్నా తక్కువ, అందరూ వైడల్ లైనే చూశారు, ఆ పై లైను ఎవరూ చూడలేదు. ఆవిడకి కావాల్సింది అదే. లోపలి పొరలు ఇంకొన్ని తీయిస్తున్నాను, నాకు ఒక అనుమానం ఉంది, ఇప్పుడే పేరు చెప్పను, హైదరాబాద్‌కి బ్లాక్ (ఆ మైనం దిమ్మ) పంపి ఐహెచ్‌సీ, అంటే ఏ రకం కణాలో తేల్చే ప్రత్యేక రంగుల పరీక్ష, చేయించాలి, 8,000 అవుతుంది, వేరేది కాదని తేల్చుకోకుండా రాయలేను అన్నారు. వేరేది అంటే ఏంటండీ అని అడిగే ధైర్యం నాకు లేదు.

21న కొరియర్‌లో పంపే ఫారం మీద మా ఆయన సంతకం పెట్టాడు, ఇంటికొచ్చి మాట్లాడకుండా అరుగు మీద కూర్చున్నాడు. రాత్రి ఆయన ఫోన్‌లో ఆ ఫారం ఫోటో చూశాను. లింఫోమా కాదని నిర్ధారించుటకు, సీడీ20, సీడీ3, సీడీ30, ఇలా ఆ పరీక్షలో వేసే మార్కర్ల పేర్లు వరసగా ఉన్నాయి. లింఫోమా అన్న ఆ పదం వెతికాను, బిళ్ళల్లో వచ్చే క్యాన్సర్ అట. వెతక్కూడదండీ. తెల్లవార్లూ చదివి పొద్దున్నకి పాపకి పెళ్లి ఎవరు చేస్తారు దాకా వెళ్లిపోయాను, దానికి నాలుగేళ్లు.

ఏడు రోజుల్లో వస్తుందన్నారు. మధ్యలో ఆదివారం, 26న శివరాత్రి సెలవు, తర్వాత ఇంకో మార్కర్ వేయాలన్నారు, అలా అలా పన్నెండు రోజులు. మా అత్తగారు వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కేశారు, మోకాళ్ల నొప్పులతో ప్రదక్షిణలు చేస్తారంట. కంచం వేరే పెట్టిన మనిషీ ఆవిడే, మొక్కిన మనిషీ ఆవిడే. ఒక వింత ఏంటంటే ఈ పన్నెండు రోజుల్లో నాకు జ్వరం తగ్గిపోవడం మొదలైంది, మందు ఒక్కటీ వేసుకోకుండానే. మిగిలిన బిళ్ళలు కూడా కొంచెం మెత్తబడ్డట్టు అనిపించాయి. భయం వల్ల నేనే అలా అనుకుంటున్నానేమో అని ఎవరికీ చెప్పలేదు.

మార్చి 5, బుధవారం. రిపోర్ట్ వచ్చింది, ఇద్దరూ రండి అన్నారు. ఇద్దరూ రండి అంటే ఇంకేముందిలే అనుకుంటూ వెళ్లాం. డాక్టరమ్మ గారు కూర్చోమని, నీళ్లు ఇచ్చి, మొదటి మాటే, క్యాన్సర్ కాదు, టీబీ కాదు అన్నారు. మా ఆయన కుర్చీలో ముందుకు వంగి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. నాకేమో ఏడుపు రాలేదు, మరి ఏంటి అని అడిగాను.

కికూచి అంటండీ. జపాన్‌లో 1972లో కికూచి, ఫుజిమోటో అని ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారు కనిపెట్టి రాశారంట, అందుకే ఆ పేరు. ఎక్కువగా మన ఆసియా వాళ్లకి, నలభై లోపు వాళ్లకి, అందులోనూ ఆడవాళ్లకి వస్తుందంట. బిళ్ళలు కడతాయి, జ్వరం, చెమటలు, తెల్ల కణాలు తగ్గుతాయి, బయటికి అచ్చం టీబీలాగో లింఫోమాలాగో ఉంటుంది, కొన్ని నెలల్లో దానంతటదే పోతుంది. మందు? అక్కర్లేదు, జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకో. అంతే.

చూస్తావా అని మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టారు. మొదట నా కనురెప్పల వెంట్రుకలే కనపడ్డాయి, తర్వాత కుదిరింది. వంకాయ రంగు చుక్కలు కిక్కిరిసి, మధ్యలో గులాబీ రంగు మడుగులా ఒక చోటు. ఆ గులాబీ చోట్లో సన్నటి ఊదా పొడి చల్లినట్టు ఉంది. అది పొడి కాదు, చచ్చిపోయిన కణాల మధ్యలో గింజలు పగిలిపోయి అలా అయ్యాయి అన్నారు. ఇంత చచ్చిన చోట చీము కణాలు ఉండాలి, ఒక్కటీ లేదు చూడు, దాని బదులు ఈ నెలవంకల్లాంటివి తిరుగుతున్నాయి, పొడి తినేవి ఇవే, అది చూసే నాకు అనుమానం వచ్చింది అన్నారు. సూది పరీక్షలో ఈ పొడి కొంచెం కనపడిందంట, అందుకే ఆ కింద లైను రాశారట. నేను నా మెడలో ముక్కని చూస్తున్నానని కాసేపు మర్చిపోయాను, బాగుంది చూడ్డానికి, చీర మీద అద్దకంలా.

లూపస్ అని, మన ఒంటి రక్షణ శక్తే మన మీద తిరగబడే ఇంకో జబ్బు కూడా బిళ్ళలో ఇలాగే కనపడుతుంది, కొంతమందికి కికూచి తర్వాత అది బయటపడుతుంది, అందుకే కీళ్లు, దద్దుర్లు అని అడిగాను, దానికి చేసే రక్త పరీక్ష ఏఎన్ఏ చేయించుకో, ఏడాది పాటు అప్పుడప్పుడు చూపించుకో అన్నారు. చేయించాను, 900, నెగటివ్.

అమలాపురం డాక్టరు గారు రిపోర్ట్ మొత్తం, ఈసారి కింద లైను దాకా, చదివారు. రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత పాత చీటీ అడిగి తీసుకుని టీబీ మందుల మీద అడ్డంగా గీత కొట్టారు. నా సర్వీసులో ఇది రెండోదో మూడోదో అన్నారు. ఆయన్ని నేను తప్పు పట్టను, మన వైపు టీబీ ఉన్న మాట నిజమే. కానీ మొదలెట్టేసి ఉంటే ఏమయ్యేదో చూడండి, బిళ్ళలు ఎలాగూ వాటంతటవే తగ్గేవి, ఆహా మందులు పనిచేశాయి అనుకుని ఆరు నెలలూ మింగేసేదాన్ని. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

ఊళ్లో చెప్తే ఒక్కరూ నమ్మలేదు. మందు లేని రోగమా, డబ్బులు గుంజారు అన్నారు. డబ్బులు అయిన మాట నిజమే, టెస్టులు, ఆపరేషన్, అన్నీ కలిపి 32,600, తిరుగుళ్లకి ఇంకో మూడు వేలు. అందులో తేల్చిన డాక్టరమ్మ గారికి వెళ్లింది సూదికి 1,200, బయాప్సీకి 1,500. ఐహెచ్‌సీ డబ్బులు హైదరాబాద్‌కే. నేను లెక్క రెండుసార్లు వేశాను నమ్మలేక.

ఇంకో సంగతి, రిపోర్ట్‌తో పాటు బ్లాక్, గాజు పలకలు అడిగి తెచ్చుకోండి. అడక్కపోతే ఇవ్వరు, అడిగితే సంతకం పెట్టించుకుని ఇస్తారు. బ్లాక్ అంటే చిన్న ప్లాస్టిక్ డబ్బీలో అంటించిన మైనం దిమ్మ, హోటల్ సబ్బు కన్నా చిన్నది. రేపెప్పుడైనా వేరే చోట చూపించాలన్నా మళ్లీ కోయక్కర్లేదు, దాన్నుంచే పొరలు తీస్తారు. ఫ్రిజ్‌లో పెట్టాలా అంటే వద్దు, ఎండలో బండి డిక్కీలో మాత్రం పెట్టకు, కరిగిపోతే నీ బిళ్ళ పోయినట్టే అన్నారు.

కల్చర్ రిపోర్ట్ ఏప్రిల్ 2న వచ్చింది, ఆరు వారాలు ఉంచినా ఏమీ పెరగలేదని. అప్పటికి మేం దాని సంగతే మర్చిపోయాం. మే నెలకి బిళ్ళలన్నీ పోయాయి, చెవి కింద రెండంగుళాల గీత ఉంది, జడ వేసుకుంటే కనపడదు. చెవి తమ్మె దగ్గర కొంచెం మొద్దుబారింది, అది ఇంకా ఉంది. ఉగాది రోజు పొద్దున్న మా అత్తగారు కాఫీ ఇచ్చారు, మామూలు గ్లాసులోనే. పాప మళ్లీ నా పక్కనే పడుకుంటోంది, కాళ్లు నా పొట్ట మీద వేసి. బ్లౌజులు తీసుకుపోయినవాళ్లలో ఒకావిడ తిరిగొచ్చింది, ఒకావిడ రాలేదు. కొద్దిమందికి ఇది మళ్లీ వస్తుందన్నారు కాబట్టి స్నానం చేసేటప్పుడు రోజూ మెడ తడుముకుంటాను, డిసెంబర్‌లో ఇంకోసారి ఏఎన్ఏ ఉంది.